నిమిషానికి అయిదు బారలు

పెన్న సముద్రంలో కలిసే చోటికి అంత దూరం కాని ఒక జాలరుల పట్టపుపాళెంలో ముసలి సరంగు ఒకాయన ఉండేవాడు. తండ్రి పోయిన మేనల్లుణ్ణి ఆయనే పెంచాడు. పదహారేళ్ళు రాగానే పడవెక్కించాడు. మొదటి ఏడంతా వాడి పని పడవలో చేరిన నీళ్ళు తోడడం, అన్నం వండడం. రెండో ఏడు వలకు చిక్కిన కానాగంతల్ని చిదిమిపోకుండా తీయడం. మూడో ఏట తాడు పట్టనిచ్చారు. చుక్కాని ఎప్పుడిస్తావని అడిగితే మామ కోప్పడేవాడు కాదు. "నీళ్ళు తోడేటప్పుడు పడవ ఎటు వంగతా ఉండాదో చూసినావా?" అనేవాడు. వాడు చూడలేదు.

నాలుగో ఏడు రాకముందే, కనుమ దాటిన మర్నాడు, వాడు మద్రాసు పోయి ఓడెక్కాడు. మూడు రోజులకు అండమాన్‌లో దిగి, స్కూబా డైవింగ్ నేర్చుకోవడానికి చేరాడు.

అక్కడి నీళ్ళు అద్దం. పొద్దున్నే దిగితే పది బారల కింద తాబేలు మెడ తిప్పడం పైనుంచి కనిపించేది. వాడికి ఈత పుట్టుకతో వచ్చింది, చెప్పింది చెప్పినట్టు పట్టేవాడు. నాలుగు రోజుల్లో మొదటి కార్డు వచ్చింది. ఇంకో వారంలో రెండోది. ఆపదలో ఉన్నవాణ్ణి ఒడ్డుకు చేర్చడం నేర్పే మూడోది, ఇతరుల్ని వెంట తీసుకుపోనిచ్చే నాలుగోది, చివరికి ఒకరికి నేర్పడానికి అనుమతిచ్చే అయిదోది. నూరో మునక పూర్తయిన రోజు స్నేహితులు కేకు కోయించారు. ఎక్కడా ఎవరూ వాణ్ణి మోసం చేయలేదు. అడిగిన ప్రతి పనీ చేసి చూపించాడు. మాస్కులోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది బయటికి పంపడం ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. చేసిన ప్రతిసారీ ఎదురుగా ఇసుకలో మోకాళ్ళ మీద నిలిచిన మాస్టారు కళ్ళతోనే బాగుందనేవాడు.

శ్రావణంలో తిరిగొచ్చాడు. మణికట్టుకు లోతు చూపే కంప్యూటర్, పర్సులో కార్డు, అప్పు చేసి కొన్న సరంజామా, మద్రాసులో గాలి నింపించిన సిలిండర్లు. సాయంత్రాలు బోర్లించిన పడవ మీద కూర్చుని తన పుస్తకం మామకు చదివి వినిపించేవాడు. మామ వల కుట్టుకుంటూ వినేవాడు. వాడు మీటర్లలో చెప్పిందల్లా ఆయన రెండు చేతులూ చాచి బారల్లోకి మార్చుకునేవాడు.

"ముఖ్యమైంది ఇదొకటే మామా. ఊపిరి బిగబట్టకూడదు. అయిదున్నర బారల కింద నిండా పీల్చి, బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలుగా ఉబ్బుతుంది. ఊపిరితిత్తి చిరిగిపోతుంది."

"మరి పైకి రావడం ఎట్టా?"

"మెల్లిగా. ఊపిరి వదుల్తూ. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా. చివర్లో అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. రక్తంలో కలిసిన గాలి నిదానంగా బయటపడాలి కదా."

ముసలాయన సూది ఆపి లెక్క వేసుకున్నాడు. "నిమిషానికి అయిదు బారలు. అంటే పన్నెండు లెక్కపెట్టేసరికి ఒక బార. మూడు బారల్లోపు కాసేపు నిలబడాల." మళ్ళీ సూది ఆడించాడు.

దసరా దాటాక నెల్లూరు నుంచి ఒక కాలేజీ కుర్రాడు వచ్చాడు. 1989 తుపానులో మునిగిన పెద్ద పడవ ఒకటి ఆ పాళెం ఎదుట ఎనిమిది బారల లోతులో ఉంది. దాన్ని చూడాలని వాడి సరదా. చూపిస్తానన్నాడు మేనల్లుడు. తీరా ఆ రోజు పెన్నకు ఎగువన వానలు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంతకుముందు వారం దాకా ఉత్తరానికి పోయిన నీటి వాలు దక్షిణానికి తిరిగింది.

"ఈ పూట వద్దబ్బయా."

"పదహారు బారలు దిగినోణ్ణి మామా. ఇది ఎనిమిదే గదా."

ముసలాయన వాదించలేదు. వల తాడు ఒకటి తెచ్చి మేనల్లుడి నడుముకు ముడి వేశాడు. తమ పుస్తకంలో తాడు లేదన్నాడు వాడు. "నా పుస్తకంలో ఉండాది. ఒకసారి లాగితే బాగుండావా అని. నువ్వూ ఒకసారి లాగాల. రెండుసార్లు లాగితే పైకి" అన్నాడు మామ. అంతకు మించి మాట్లాడలేదు.

మొదటి రెండు బారలు ఆకుపచ్చ. మూడో బారకు టీ రంగు. అయిదో బార దగ్గర వాడు తన అరచేతిని మాస్కు అద్దానికి ఆనించి చూసుకున్నాడు. అద్దానికి చేయి తగులుతోంది, కంటికి కనిపించడం లేదు. మణికట్టు మీది కంప్యూటర్ వెలుగు ఒక పచ్చటి మరక. అందులో అంకె లేదు.

భుజం పట్టుకున్న కుర్రాడి వేళ్ళు మొదట మెత్తగా ఉన్నాయి. కాసేపటికి బిగుసుకున్నాయి. ఆ బిగువుకు అర్థమేమిటో వాడికి ఎవరూ నేర్పలేదు. వాడికి తెలిసిన భయం కళ్ళలో కనిపించే భయం. కళ్ళు పెద్దవైతే చేయి పట్టుకోవాలి, ఎదురుగా నిలిచి మెల్లగా ఊపిరి తీసి చూపించాలి. ఇక్కడ ఎదుటివాడి ముఖమే లేదు. ఆ ముఖం మీది మాస్కులోకి నీళ్ళు వచ్చాయనీ, ముక్కులోకి పోయాయనీ వాడికి తెలిసేలోగా ఒక మోచేయి వచ్చి మూతికి తగిలింది. నోట్లోని గొట్టం ఊడిపోయింది.

కుడిచేయి వెనక్కి తిప్పి, ముందుకు ఊడ్చి పట్టుకోవాలి. చేశాడు. చేతికి పాత వల చిక్కింది. మళ్ళీ ఊడ్చాడు, గొట్టం దొరికింది, రెండు గుటకలు ఉప్పునీళ్ళు మింగాక గాలి అందింది. అప్పటికి ఏది పైనో ఏది కిందో తెలియలేదు. బుడగలు పోయేవైపు పైకి అని పుస్తకం. బుడగలు కనపడాలి కదా. పెదవి దగ్గర వేళ్ళు పెడితే స్పర్శకైనా తెలుస్తుందన్న ఆలోచన వాడికి రాలేదు. ఒక చేత్తో కుర్రాడి పట్టీ పట్టుకున్నాడు. రెండో చేతి బొటనవేలు, డైవింగ్ చొక్కాలోకి గాలి నింపే మీట మీదికి పోయింది. నొక్కితే ఇద్దరూ బెండు ముక్కల్లా పైకి తన్నుకొస్తారు. ఆ సంగతి వాడికి తెలుసు. అయినా నొక్కబోయాడు.

పైన ముసలాయన అప్పటికే ఒకసారి లాగి చూశాడు. జవాబు లేదు. తాడు చేతిలో గేలానికి తగిలిన చేపలా కొట్టుకుంటోంది. పడవలో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు "లాగేద్దాం" అని తాడు మీదికి ఉరికారు. ఆయన వాళ్ళను మోచేత్తో ఆపాడు. రెండుసార్లు గట్టిగా గుంజి, ఒక బార తాడు లాగి, కాలికింద తొక్కిపట్టి, పైకే వినపడేలా పన్నెండు లెక్కపెట్టాడు. మళ్ళీ ఒక బార. మళ్ళీ పన్నెండు.

చీకట్లో వాడి నడుము ఒక వైపుకు లాగింది. ఆ వైపు పైకి. మీట మీది వేలు తీసేశాడు. కుర్రాణ్ణి ఛాతీకి అదుముకుని, తన గొట్టంలోంచే "ఊ..." అని మూలుగుతూ ఊపిరి వదిలాడు. మూడుసార్లు అలా చేశాక అవతలి ఛాతీ కూడా కదలడం తగిలింది. తాడు ఆగి ఆగి పోతోంది. ఒక చోట చాలాసేపు నిలిచిపోయింది. తల ఎత్తాడు. ఆకుపచ్చ వెలుగు. ఆ వెలుగులో, మొదటిసారి, కుర్రాడి కళ్ళు కనిపించాయి.

పడవలోకి చేరాక కుర్రాడు వాంతి చేసుకున్నాడు, ఏడ్చాడు, బతికాడు. ముసలాయన అరచేతుల్లో తాడు ఒరుసుకున్న గీతలు. పొద్దుగూకే దాకా ఎవరూ మాట్లాడలేదు.

"ఎన్నిసార్లు మునిగినావు అక్కడ?"

"నూటపద్నాలుగు, మామా."

"ఎన్ని నీళ్ళల్లో?"

వాడు జవాబు చెప్పలేదు.

"దారి తప్పిందెన్నిసార్లు?"

"ఎప్పుడూ లేదు. పక్కన మాస్టారు ఉండేవాడు గదా."

"నీకు నేర్పినోళ్ళు తప్పు నేర్పలేదు. నిన్ను పైకి లాగింది వాళ్ళ లెక్కతోనే గదా. ఆ లెక్క నీ నోట్లో ఉండాది, చేతికింకా దిగలేదు. నాకు యాభై ఏళ్ళ తాడు పట్టిన చెయ్యి ఉండాది కాబట్టి ఒక సాయంత్రానికే దిగింది."

ఆ ఏడాదంతా వాడు ఎవరినీ వెంట తీసుకుపోలేదు. మామ పడవలో ఉంటే, నడుముకు తాడుతో, ఒక్కడే దిగాడు. కార్తీకంలో దిగాడు, మాఘంలో దిగాడు, వాలు మళ్ళీ ఉత్తరానికి తిరిగాక దిగాడు, వేట నిషేధం రోజుల్లో దిగాడు. ఏదైనా చెడిన రోజున మామ తాడు కొసన ఒక ముడి వేసేవాడు. ముడి పడిన రాత్రి, ఏం జరిగింది, మొదట దేనికి తెలిసింది, చేతికా, చెవికా, కడుపుకా, అని వాడు చెప్పాలి. దసరా తిరిగొచ్చేసరికి పద్నాలుగు ముళ్ళున్నాయి. ఆ నెలలోనే ఇంకో కుర్రాడు డబ్బు పట్టుకుని వచ్చాడు, రేపే నేర్పమని. మేనల్లుడు వాడి చేతికి ఒక డొక్కు చెంబు ఇచ్చాడు. "ముందు పడవలో నీళ్ళు తోడు. తోడతా తోడతా, పడవ ఎటు వంగతా ఉండాదో చెప్పు."

నీతి

కథ నేను అల్లిందే గాని, అందులోని లెక్కలు అల్లినవి కావు. ప్రపంచంలో ఎక్కువమంది తీసుకునే స్కూబా కార్డు 1966లో అమెరికాలో మొదలైన పాడి (PADI) సంస్థది. మొదటి కార్డుకు బయటి నీళ్ళలో నాలుగు మునకలు చాలు. 18 మీటర్ల వరకు దిగవచ్చు. ఇతరులను నడిపించే డైవ్‌మాస్టర్ కోర్సు మొదలుపెట్టడానికి 40 మునకలు, పూర్తి కావడానికి 60. ఇన్‌స్ట్రక్టర్ కావడానికి 100 మునకలు, మొదటి కార్డు చేతికొచ్చి ఆరు నెలలు. కాబట్టి నా కథలోని మేనల్లుడు కనుమకు పోయి శ్రావణానికి గురువై రావడంలో నిబంధనకు విరుద్ధమైనదేమీ లేదు. ఈ దారికి స్కూబా లోకంలో జీరో టు హీరో అని పేరు. కోర్సు, బస, పరీక్ష కలిపి ఒక ప్యాకేజీగా అమ్ముతారు.

ఆ శిక్షణ సరిపోతుందా అంటే, నేర్చుకున్నవాడి ప్రాణానికి, నేర్చుకున్న నీళ్ళలో, సరిపోతుంది. ఇంకొకరి ప్రాణం చేతిలో పెట్టుకుని ఇంకో నీళ్ళలో దిగడానికి సరిపోదు. ఇది నేను సొంతంగా కనిపెట్టింది కాదు. వినోదం కోసం డైవింగ్ చేసేవారి శిక్షణకు ఐఎస్ఓ 24801 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఎలాంటి నీళ్ళలో నేర్చుకున్నావో అలాంటి నీళ్ళలో, లేదా అంతకన్నా తేలికైన నీళ్ళలోనే నీకు అర్హత అని ఆ ప్రమాణమే అంటుంది. కార్డులిచ్చే సంస్థలూ ఇదే చెబుతాయి. ప్యాకేజీ అమ్మేచోట ఈ ఒక్క మాట నోరు దాటదు. దాటితే, అద్దంలాంటి నీళ్ళలో గురువైనవాడు నెల్లూరు తీరంలోని మైపాడు ఎదుట మళ్ళీ శిష్యుడే అని ఒప్పుకోవాల్సి వస్తుంది.

మన తీరం సంగతి చూడండి. పెన్న, స్వర్ణముఖి మోసుకొచ్చే ఒండ్రు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. ఆ నెలల్లో తీరం వెంబడి నీరు దక్షిణానికి పోతుంది, ఫిబ్రవరి తర్వాత ఉత్తరానికి. పాళెంలో పుట్టిన ప్రతివాడికీ ఇది ఒంట్లో ఉన్న విషయం. ఏ కోర్సు పుస్తకంలోనూ నెల్లూరు పేరుతో ఇది ఉండదు. ఉండనందుకు ఆ పుస్తకాన్ని తప్పుపట్టను. నాలుగు దిక్కులకూ పనికొచ్చే పుస్తకం ఒక్క దిక్కు గురించి ఎంతని చెబుతుంది?

కానీ తొందర మీద నాకున్న ఫిర్యాదు నీటి రంగుతో తీరేది కాదు. మునక ఒక్కోటి ముప్పావు గంట అనుకుంటే, 100 మునకలు 75 గంటలు. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అలా ఎగిరినవాడికీ వెంటనే విమానం అప్పగించరు. కో-పైలట్‌గా పక్క సీట్లో కూర్చోబెడతారు. కమాండర్‌కు కావలసిన లైసెన్సుకు 1500 గంటలు లెక్క చూపాలి. అంటే కార్డుకూ బాధ్యతకూ మధ్య కొన్నేళ్ళు ఉన్నాయి. ఆ ఏళ్ళలో చెడ్డ వాతావరణం తనంతట తానే వస్తుంది. అది ఎదురైనప్పుడు పక్కన పెద్దవాడు ఉంటాడు. స్కూబాలో కార్డు వచ్చిన మర్నాడే శిష్యుల్ని ఇస్తారు. ఆ 75 గంటల్లో ఎక్కువ భాగం గురువు ఎంచిన రోజు, గురువు ఎంచిన చోటు, గురువు ఎంచిన పొరపాటు. మాస్కులోకి నీళ్ళు రావడం కూడా ఆయన సైగ చేశాకే వస్తుంది. సైగ లేకుండా వచ్చిన ఆపద ఒక్కటి కూడా చూడకుండా నూరు మునకలు పూర్తిచేయవచ్చు. నన్ను భయపెట్టేది అదే.

ఇంకో వైపూ చెప్పాలి. తొందరగా నేర్పడమే పాపం కాదు. ఆరు నెలలు రోజూ నీళ్ళలో ఉన్నవాడి చేతులు, ఆదివారం ఆదివారం దిగేవాడి చేతులకన్నా చురుగ్గా ఉంటాయి. ఒకే దిబ్బ చుట్టూ ఇరవై ఏళ్ళు తిరిగి, అలవాటైన నిర్లక్ష్యంతో శిష్యుణ్ణి వదిలేసే గురువు కన్నా భయభక్తులతో ఉన్న కొత్తవాడు మేలు. పైగా వేట గిట్టుబాటు కాక వలసపోయే మత్స్యకారుల పిల్లలకు ఈ కార్డు ఒక బతుకుదెరువు. రుషికొండ, పుదుచ్చేరి, అండమాన్‌లలో వాళ్ళకు పని దొరుకుతుంది. నాలుగేళ్ళు ఆగి నేర్చుకోమని వాళ్ళకు చెప్పే హక్కు, నెలజీతం తీసుకునేవాళ్ళకు లేదు. నేను అడిగేది కార్డు ఆలస్యం చేయమని కాదు. కార్డు వచ్చాక, డబ్బిచ్చి వచ్చినవాణ్ణి ఒంటరిగా నీళ్ళలోకి తీసుకుపోయే ముందు, ఆ నీళ్ళలోనే ఒక సంవత్సరం పెద్దవాడి పక్కన గడపమని. ఆ ఏడాదికి జీతం ఇవ్వాల్సింది డైవింగ్ కేంద్రం. అది ఇవ్వని కేంద్రం ప్రాణాలతో లాభం చూసుకుంటోందని నేను నమ్ముతాను.

ఇదంతా వినోదపు డైవింగ్ మాట; కృష్ణపట్నం లాంటి రేవుల్లో ఓడ అడుగు శుభ్రం చేసే పని వేరు. దానికి పైనుంచి గొట్టంతో గాలి, పైవాడితో మాట్లాడే తీగ, వేరే శిక్షణ ఉంటాయి. విహారయాత్రికులకు నేర్పే కార్డు పట్టుకుని ఆ పనికి పోయే పిల్లలు ఎవరైనా ఉంటే, తల్లిదండ్రులు గడప దగ్గరే ఆపాలి.

కథలో తాడు ఎందుకు పెట్టానో కూడా చెబుతాను. కళ్ళు పనిచేయని నీళ్ళలో దిగే సహాయక డైవర్లు ఒంటికి తాడు కట్టుకునే దిగుతారు. పైన ఒకడు దాన్ని చేత్తో చదువుతూ ఉంటాడు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును నెలకు పైగా ఎవరూ పైకి తేలేకపోయారు. అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, తాళ్ళతో దాన్ని ఒడ్డుకు లాగింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు ఆ వడిలో మునిగి బోటుకు తాళ్ళు బిగించారు. నది నడక తెలిసిన చేతులు పైన, మునగడం తెలిసిన చేతులు కింద. ఆ రెండూ ఒకే తాడు పట్టుకున్నాకే బోటు కదిలింది.

నెల్లూరు తీరంలో ఈ రెండు రకాల చేతులూ ఉన్నాయి, ఒకదానికొకటి తెలియకుండా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు పడవల వేట ఆగిపోతుంది. సరంగులు చెట్ల కింద వలలు కుట్టుకుంటూ ఉంటారు. కార్తీకంతో పోలిస్తే నీళ్ళు అప్పుడు కాస్త తేటగా ఉంటాయి. దూర తీరాల్లో కార్డులు తెచ్చుకున్న కుర్రాళ్ళు సెలవులకు ఇళ్ళకొచ్చేదీ ఆ ఎండల్లోనే. మత్స్యశాఖ గానీ పర్యాటక శాఖ గానీ ఆ 61 రోజుల్లో ఒక ముసలి సరంగుకూ ఒక కొత్త ఇన్‌స్ట్రక్టర్‌కూ రోజుకూలి ఇచ్చి, ఒకే పడవలో కూర్చోబెడితే చాలు. మొదటి వారం తీరానికి దగ్గర్లో, నాలుగు బారల లోతులో, ఒక్కడే దిగాలి. తాడు పట్టడం ఆ కుర్రాడు కూడా నేర్చుకోవాలి. పైన కూర్చుని, కింద ఉన్నవాడి ఊపిరి తన వేళ్ళకు తెలిసేదాకా.